పాత నెగటివ్ స్కాన్ చేస్తే ఆ ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?

మా ఇంట్లో ఒక నెగటివ్ గురించి రెండేళ్లుగా వాదన నడుస్తోంది. 1983లో మా పిన్ని పెళ్లికి ఇంటి ముందు అరుగు మీద తీసిన గ్రూప్ ఫొటో అది, పద్నాలుగు మంది ఉన్నారు. ప్రింటును ఎప్పుడో చెదలు తినేశాయి. నెగటివ్ ముక్క మాత్రం బటర్ పేపర్ కవర్లో, ఆ కవరు ఓ పాత పంచాంగం మధ్యలో ఉండిపోయి బతికింది. వెనక వరసలో చివర నిలబడ్డ అమ్మమ్మ ముక్కుకు ఆ రోజు పుడక ఉందా లేదా అన్నది వాదన. పెళ్లి ఖర్చుల కోసం అది అప్పటికే తాకట్టుకు వెళ్లిపోయిందని అమ్మ అంటుంది. కాదు, పెళ్లయ్యాక అప్పులవాళ్లు ఇంటికొచ్చినప్పుడు తాకట్టు పెట్టిందని పెద్దమ్మ అంటుంది. అడుగుదామంటే అమ్మమ్మ లేదు. మిగిలిందల్లా ఆ నెగటివే.

మొదట ఒక షాపులో స్కాన్ చేయించాను. వచ్చిన ఫైలు కంప్యూటర్లో తెరిచి అమ్మమ్మ మొహం దగ్గరికి జూమ్ చేస్తే మొహం మీద గుప్పెడు ఇసుక చల్లినట్టుంది. "పాత నెగటివ్ కదండీ, గ్రెయిన్ ఉంటుంది, దానికేం చేయలేం" అన్నారు. కాస్త క్లీన్ చేసి ఇవ్వమంటే క్లీన్ చేసి ఇచ్చారు, ఈసారి అందరి మొహాలూ మైనం బొమ్మల్లా నున్నగా తయారయ్యాయి, ముక్కుపుడక మాట అటుంచి ముక్కు అంచే కరిగిపోయింది. ఫోన్లో ఉన్న ఏఐ యాప్‌కి ఇస్తే అది ఇంకో అడుగు ముందుకేసి అమ్మమ్మకి కొత్త కళ్లు, కొత్త కనురెప్పలు పెట్టింది. చాలా అందంగా ఉన్నాయి, కానీ అవి మా అమ్మమ్మవి కావు.

అప్పుడు మొదలుపెట్టాను అసలు ఈ గ్రెయిన్ అంటే ఏంటి, స్కానర్ దాన్ని ఏం చేస్తుంది అని చదవడం, చేసి చూడడం. ఇంట్లో పాత నెగటివ్‌లు ఉన్నవాళ్లు చాలామంది ఇదే గోతిలో పడుతున్నారు కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. ముందే ఒక మాట: స్కాన్‌లో కనిపించే ఇసుకలో చాలా భాగం ఫిల్మ్‌లో ఉన్నది ఉన్నట్టుగా కనిపిస్తున్నది కాదు. ఫిల్మ్‌లో ఉన్న గ్రెయిన్‌ని మనం వెలుతురుతో, పిక్సెళ్లతో, సాఫ్ట్‌వేర్‌తో పెంచి పెద్దచేసుకుంటున్నాం. ఇక ఫిల్మ్‌లో నిజంగా ఉన్న ఆ కాస్త గ్రెయిన్ బొమ్మకు అంటిన మురికి కానే కాదు, బొమ్మంటే అదే.

ఎలాగో చూద్దాం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన జెలటిన్ పొర. ఆ పొర నిండా సిల్వర్ బ్రోమైడ్ లాంటి వెండి లవణాల చిన్న చిన్న స్ఫటికాలు ఉంటాయి. షట్టర్ తెరుచుకుని వెలుతురు పడ్డప్పుడు, తగినంత కాంతి తగిలిన స్ఫటికంలో ఒక మూల నాలుగైదు వెండి పరమాణువులు ఒక చోట చేరతాయి. అంతే, ఆ స్ఫటికానికి గుర్తు పడిపోయినట్టు. తర్వాత డెవలపర్లో ముంచితే, గుర్తు పడిన స్ఫటికం మొత్తం, అంటే వందల కోట్ల పరమాణువులు, నల్లటి వెండిగా మారిపోతుంది. గుర్తు పడనిది అలాగే ఉండిపోయి, తర్వాత హైపో అనే రసాయనంలో కరిగి కొట్టుకుపోతుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఒక్కో స్ఫటికం దగ్గర మధ్యేమార్గం లేదు. మారితే మొత్తం మారుతుంది, లేకపోతే మారదు. బూడిద రంగు అనేది ఫిల్మ్‌లో ఎక్కడా లేదు. ఉన్నవి నల్లటి వెండి రేణువులు, వాటి మధ్య ఖాళీలు. రేణువులు దట్టంగా ఉన్నచోట ముదురుగా, పలచగా ఉన్నచోట లేతగా కనిపిస్తుంది.

వాకిట్లో ముగ్గు చూడండి. నిలబడి చూస్తే తెల్లటి గీత, వంగి ముక్కు ఆనించి చూస్తే పిండి రేణువులు, రేణువుల మధ్య నేల. "ఈ గీతలోంచి పిండి తీసేసి గీత మాత్రం ఉంచండి" అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? నెగటివ్‌లోంచి గ్రెయిన్ తీసేయమనడం కూడా అలాంటిదే. అమ్మమ్మ చెంప, పట్టుచీర అంచు, అరుగు మీద పడ్డ ఎండ, అన్నీ ఆ వెండి రేణువులతోనే తయారయ్యాయి. వెండితెర అని సినిమా తెరను అంటాం గానీ నిజమైన వెండి ఈ నెగటివ్‌లోనే ఉంది. అందుకే ఆ వెండి కోసం పాత సినిమా నెగటివ్‌లను కరిగించి అమ్ముకున్న రోజులు కూడా మన దేశంలో ఉన్నాయి, తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అయితే ఒక చిక్కుంది. ఆ స్ఫటికాలు చాలా చిన్నవి. ఒక మైక్రాన్ అటూ ఇటూ, మహా అయితే రెండు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది, పోల్చుకోండి. పది రెట్ల భూతద్దం పెట్టి చూసినా ఒక్కో రేణువు మన కంటికి కనిపించదు. మరి మనకు కనిపించే గ్రెయిన్ ఏంటి? ఆ పొరలో రేణువులు ఒకదాని కింద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి ఇష్టమొచ్చినట్టు పడి ఉంటాయి. ఎవరూ వరసలో సర్దలేదు. పైనుంచి చూసినప్పుడు కొన్నిచోట్ల నాలుగు రేణువులు ఒకే చోట పడి గుంపుగా కనిపిస్తాయి, పక్కనే ఖాళీ ఉంటుంది. మనం గ్రెయిన్ అనేది ఈ గుంపులనీ ఈ ఖాళీలనీ. వాన మొదలైనప్పుడు గచ్చు మీద చినుకులు పడే తీరు కూడా ఇంతే, సమానంగా పడుతున్నట్టే ఉంటుంది, చూస్తే ఒకచోట ముద్దగా, ఇంకోచోట పొడిగా.

దీన్ని కొలవడానికి కంపెనీలు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ఒకే వెలుతురు పడి ఒకే రకంగా ముదిరిన ఫిల్మ్ ముక్క తీసుకుని, 48 మైక్రాన్ల వ్యాసం ఉన్న చిన్న రంధ్రంలోంచి చూస్తూ కొద్దికొద్దిగా జరుపుతూ పోతే డెన్సిటీ, అంటే ఫిల్మ్ ముదురుదనం, ఎంత అటూ ఇటూ ఊగుతుందో కొలుస్తారు. ఆ ఊగుడును వెయ్యితో గుణించి చెబుతారు. కొడాక్ వాళ్ల ట్రై-ఎక్స్ 400 అనే ఫిల్మ్‌కి ఆ అంకె 17. వాళ్లదే టీ-మ్యాక్స్ 100కి 8. టీ-మ్యాక్స్ 1980ల మధ్యలో వచ్చింది, అందులో స్ఫటికాలు గులకరాళ్లలా కాకుండా బిళ్లల్లా పలచగా ఉంటాయి, అందుకే అంత వెండితోనే ఎక్కువ వెలుతురు పట్టుకుంటాయి. మన దగ్గర ఆ రోజుల్లో స్టూడియోల్లో ఎక్కువగా నడిచింది తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ములు, ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసిన ఇందు. మా నెగటివ్ అంచున ఓర్వో ఎన్‌పీ 27 అని ఉంది, అంటే వేగం 400 ఏఎస్‌ఏ, తక్కువ వెలుతురులోనూ బొమ్మ పట్టే ఫిల్మ్, పాతకాలపు గులకరాళ్ల రకం. పెళ్లిళ్లలో వెలుతురు తక్కువ ఉంటుందని ఆ ఫిల్మ్ వేసుకుని ఉంటారు. ఫిల్మ్ వేగం కావాలంటే పెద్ద స్ఫటికాలు కావాలి, పెద్ద స్ఫటికాలుంటే గ్రెయిన్ ఎక్కువ. ఈ బేరం ఫొటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

ఇప్పుడు అసలు విషయం. పైన 48 మైక్రాన్ల రంధ్రం అన్నాను కదా, ఆ రంధ్రం చిన్నదయ్యే కొద్దీ ఊగుడు పెరుగుతుంది. సెల్విన్ అనే శాస్త్రవేత్త 1930ల్లోనే దీనికి సూత్రం చెప్పాడు: చూసే వైశాల్యం నాలుగో వంతు అయితే గ్రెయిన్ ఊగుడు రెట్టింపు అవుతుంది. స్కానర్ పిక్సెల్ కూడా ఒక రంధ్రమే అనుకోండి. 4000 డీపీఐ దగ్గర, అంటే అంగుళానికి 4000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ ఫిల్మ్ మీద 6.35 మైక్రాన్లు. అంటే కంపెనీ కొలిచిన రంధ్రం వైశాల్యంలో 45వ వంతు. ట్రై-ఎక్స్‌కి ఆ లెక్క కట్టి చూస్తే డెన్సిటీలో ఊగుడు 0.017 నుంచి 0.11 దాకా పోతుంది, అంటే ఒక పిక్సెల్‌కీ పక్క పిక్సెల్‌కీ వెలుతురులో 30 శాతం దాకా తేడా రావడం మామూలు సంగతి అన్నమాట. లెన్స్ కాస్త మసకబార్చి దీన్ని కొంత తగ్గిస్తుంది, అది వేరే సంగతి. ఇందులో స్కానర్ తప్పు లేదు, ఫిల్మ్ తప్పూ లేదు. మనం అంత దగ్గరికి వెళ్లి చూస్తున్నాం.

ఎంత దగ్గరికంటే, 35 ఎంఎం నెగటివ్‌ని 4000 డీపీఐలో స్కాన్ చేస్తే పొడవు వైపు దాదాపు 5670 పిక్సెళ్లు వస్తాయి. మామూలు 24 అంగుళాల మానిటర్లో దాన్ని 100 శాతం జూమ్‌లో చూడటం అంటే, అయిదడుగుల వెడల్పున్న ప్రింటును గోడకి తగిలించి చేతికందే దూరంలో నిలబడి చూడటం. 1983లో ఆ ఫొటోగ్రాఫర్ ఇచ్చింది పోస్టుకార్డు సైజు ప్రింటు. అప్పుడు ఎవరికీ ఇసుక కనిపించలేదు.

పోనీ తక్కువ డీపీఐలో స్కాన్ చేస్తే గ్రెయిన్ తగ్గిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, 1200లో చేసి చూశాను. గ్రెయిన్ తగ్గలేదు సరికదా, ముతక రవ్వలా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది! ఎందుకో అర్థం కావడానికి టైం పట్టింది. టీవీలో వార్తలు చదివేవాళ్లు సన్న గళ్ల చొక్కా వేసుకొస్తే ఆ చొక్కా మీద అలలు పాకుతున్నట్టు కనిపిస్తుంది చూశారా, చొక్కాలో ఆ అలలు ఉండవు, గళ్లు కెమెరా పిక్సెళ్లకంటే సన్నగా ఉన్నప్పుడు లేని నమూనా ఒకటి పుడుతుంది. గ్రెయిన్ విషయంలోనూ అదే జరుగుతుంది. పిక్సెళ్ల మధ్య దూరం గ్రెయిన్ గుంపుల సైజుకి దగ్గరగానో, ఎక్కువగానో ఉండి, స్కానర్ ఆ మధ్యలో ఉన్నదంతా కలిపి సగటు తీయకుండా అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క చూసి వదిలేస్తే, అక్కడ దొరికిన సన్న రేణువే ఆ పెద్ద పిక్సెల్ మొత్తానికీ ప్రతినిధి అయిపోతుంది. సన్న గ్రెయిన్ ముతక గ్రెయిన్ వేషం వేసుకుని వస్తుంది. ఇంగ్లిషులో దీన్ని గ్రెయిన్ ఏలియాసింగ్ అంటారు. కొన్ని చవక స్కాన్లలో ఫిల్మ్‌లో ఉన్నదానికంటే ఎక్కువ గ్రెయిన్ కనిపించడానికి ఒక కారణం ఇదే.

దీనికి విరుగుడు చిత్రంగా ఉంటుంది: మీ పరికరం నిజంగా చూడగలిగినంత పెద్దగా స్కాన్ చేయండి, ఆ తర్వాత కంప్యూటర్లో సగటు తీస్తూ చిన్నది చేయండి. నాలుగు పిక్సెళ్లు కలిపి ఒకటి చేస్తే గ్రెయిన్ సగానికి తగ్గుతుంది, సెల్విన్ సూత్రమే తిరగేసి వాడుకోవడం. అదే 1200 సైజుకి నేను ఇలా కుదించి చూస్తే మొదటి స్కాన్‌కీ దీనికీ పోలికే లేదు. "నిజంగా చూడగలిగినంత" అని ఎందుకన్నానంటే, కాగితాలు పెట్టి స్కాన్ చేసే బల్లపరుపు ఫ్లాట్‌బెడ్ స్కానర్ల డబ్బా మీద 6400 అని రాసి ఉంటుంది గానీ వాటి చూపు అందులో సగం కూడా ఉండదు. మిగతా పిక్సెళ్లు ఫైలు బరువు పెంచడానికి తప్ప దేనికీ పనికిరావు.

వెలుతురు సంగతి ఇంతకంటే ముఖ్యం, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. వెండి రేణువు కాంతిని ఆపడమే కాదు, పక్కలకి చెదరగొడుతుంది కూడా. టార్చి లైటులా ఒకే దిక్కున సూటిగా వచ్చే కాంతిని నెగటివ్ గుండా పంపితే, చెదిరిన కాంతి లెన్స్‌లోకి రాకుండా పక్కకు పోతుంది, దాంతో ముదురు భాగాలు మరింత ముదురుగా, రేణువుల అంచులు మరింత పదునుగా, గీతలు మరింత లోతుగా కనిపిస్తాయి. అదే పాలరంగు అద్దం వెనక నుంచి అన్ని వైపులా మెత్తగా వచ్చే కాంతి అయితే, ఒకవైపు చెదిరిపోయినదానికి ఇంకోవైపు నుంచి వచ్చినది పూడ్చేస్తుంది, గ్రెయిన్ మెత్తబడుతుంది. 1909లో ఆంద్రే కాలియే అనే ఆయన దీన్ని కొలిచి చూపించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. డార్క్‌రూంలో పనిచేసినవాళ్లకి ఇది చేతి అనుభవం: నెగటివ్‌ని పెద్దచేసి ప్రింటు వేసే ఎన్‌లార్జర్లలో, సూటి కాంతి పంపే కండెన్సర్ రకంలో వేస్తే బొమ్మ కరుకుగా, చెదిరిన కాంతి పంపే డిఫ్యూజర్ రకంలో వేస్తే మెత్తగా. స్కానర్లలోనూ అంతే. ఎల్‌ఈడీ కాంతిని సూటిగా పంపే ఫిల్మ్ స్కానర్లు కలర్ ఫిల్మ్ మీద అద్భుతంగా ఉంటాయి, వెండి ఫిల్మ్ పెడితే గ్రెయిన్‌ని చెక్కినట్టు చూపిస్తాయి. కలర్ ఫిల్మ్‌లో చివరికి మిగిలేది మబ్బుల్లాంటి రంగు మచ్చలే గానీ వెండి కాదు కదా, అక్కడ కాంతి పెద్దగా చెదరదు.

ఇదే కారణంగా ఇంకో ప్రమాదం ఉంది. చాలా ఫిల్మ్ స్కానర్లలో దుమ్ము, గీతలు తీసేసే ఐస్ అనే సదుపాయం ఉంటుంది. అది పరారుణ కాంతితో పనిచేస్తుంది. కలర్ ఫిల్మ్ రంగుల గుండా ఆ కాంతి దూసుకుపోతుంది, దుమ్ము మాత్రం ఆపుతుంది, కాబట్టి ఆగిన చోటల్లా దుమ్ము అని స్కానర్ తెలుసుకుని పూడ్చేస్తుంది. వెండి ఆ కాంతిని కూడా ఆపేస్తుంది! అంటే బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో బొమ్మ మొత్తం స్కానర్‌కి దుమ్ములాగే కనిపిస్తుంది, అంచులు, కళ్లు, వెంట్రుకలు అన్నీ పూడ్చుకుంటూ పోతుంది. షాపు వాళ్లిచ్చిన రెండో ఫైల్లో ముక్కు అంచు కరిగిపోవడం చూస్తే నాకు ఇదే అనుమానం. వెండి ఫిల్మ్‌కి ఆ బటన్ ఆపేసే ఉంచాలి. ఎక్స్‌పీ2 లాంటి, కలర్ రసాయనాల్లో కడిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములకి మాత్రం అది పనిచేస్తుంది, వాటిలో చివరికి వెండి మిగలదు.

ప్రింటులో కనిపించని గ్రెయిన్ స్కాన్‌లో కనిపించడానికి సైజు, వెలుతురు కాక మూడో కారణం కాగితం. నెగటివ్‌లో బాగా ముదిరిన చోట, అంటే ఆకాశం, తెల్లపంచెలు, ఎండ పడ్డ నుదురు, అక్కడ రేణువులు ఎక్కువ కాబట్టి గ్రెయిన్ ఊగుడు కూడా ఎక్కువే. కానీ ఫొటో పేపరు స్వభావం ఏమిటంటే బాగా తెల్లగా ఉన్న చోటా బాగా నల్లగా ఉన్న చోటా తేడాలను అణిచేస్తుంది. కాబట్టి ఆకాశంలోని గ్రెయిన్ తెలుపులో కలిసిపోయేది, మధ్యస్థమైన బూడిద రంగుల్లో మాత్రమే కాస్త కనిపించేది. స్కానర్‌కి ఆ దయ లేదు. ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, ఆ తర్వాత మనం సాఫ్ట్‌వేర్లో నెగటివ్‌ని పాజిటివ్‌గా తిప్పి, చప్పగా ఉందని కాంట్రాస్ట్ లాగుతాం, బొమ్మతో పాటు గ్రెయిన్ కూడా అంతే సాగుతుంది. నేను స్కాన్ తిప్పాక సాఫ్ట్‌వేర్లో వెలుగునీడలను సర్దే కర్వ్ అనే గీతని తెలుపు చివర కాస్త వంచి, పేపరు చేసే పనే చేయిస్తాను. అరుగు వెనకున్న సున్నపు గోడ మీద కుప్పలుగా ఉన్న ఇసుక ఆ ఒక్క మార్పుతో చాలావరకు సర్దుకుంది.

నెగటివ్ కడిగినప్పుడే జరిగిపోయిన విషయాలు కొన్ని ఉంటాయి, వాటిని స్కానర్ మార్చలేదు. డి-76 లాంటి డెవలపర్లో లీటరుకి 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది, అది రేణువుల అంచులను కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది. 1891 నుంచీ ఉన్న రోడినాల్ అలా కరిగించదు, బొమ్మ పదునుగా ఉంటుంది, గ్రెయిన్ నిక్కచ్చిగా కనిపిస్తుంది. డెవలపర్లో ఎక్కువసేపు ఉంచినా, ఎక్స్‌పోజర్ అవసరానికి మించి ఇచ్చినా నెగటివ్ ముదిరి గ్రెయిన్ పెరుగుతుంది. మన ఎండాకాలం గురించి చెప్పనక్కర్లేదు. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలని డబ్బా మీద రాసి ఉంటుంది, మే నెలలో బెజవాడ కుళాయి నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో అందరికీ తెలుసు. ఐసు ముక్కలు వేసుకుని నెట్టుకొచ్చేవాళ్లు. చల్లటి డెవలపర్లోంచి తీసి వేడి నీళ్లలో కడిగితే జెలటిన్ ఉబ్బి, ఎండిన చెరువు మట్టిలా సన్నగా బీటలు వారుతుంది, దాన్ని చూసి చాలామంది గ్రెయిన్ అనుకుంటారు. కానీ గ్రెయిన్‌కి క్రమం ఉండదు, బీటలు వలలా ఒకదానితో ఒకటి కలుస్తాయి, భూతద్దంలో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. తేమలో పుట్టే బూజు కూడా అంతే, తీగలు తీగలుగా ఉంటుంది.

మీ దగ్గర ఉన్నవి స్టూడియో వాళ్లు పెద్ద కెమెరాతో, 120 అనే వెడల్పు రోలు ఫిల్మ్ మీద తీసిన నెగటివ్‌లైతే మీరు అదృష్టవంతులు. యాషికా మ్యాట్ లాంటి కెమెరాల చదరపు నెగటివ్ 56 మిల్లీమీటర్లు ఉంటుంది, 35 ఎంఎం కంటే వైశాల్యంలో మూడున్నర రెట్లు పైనే. అదే ఫిల్మ్, అదే గ్రెయిన్, కానీ ఎనిమిది బై పది అంగుళాల ప్రింటుకి దాన్ని నాలుగున్నర రెట్లు పెంచితే చాలు, 35 ఎంఎం అయితే ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. మామూలు ఫ్లాట్‌బెడ్ మీద కూడా ఇవి హాయిగా వస్తాయి.

స్కాన్ చేసేటప్పుడు చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కొన్ని స్కానర్లలో ఒకే చోటును నాలుగుసార్లో ఎనిమిదిసార్లో చదివి సగటు తీసే పద్ధతి ఉంటుంది. దానివల్ల గ్రెయిన్ తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. అది తగ్గించేది స్కానర్ సెన్సర్ తాలూకు సొంత గోలని మాత్రమే. రేణువు వెండితో తయారై జెలటిన్‌లో పాతుకుని ఉంది, ఎనిమిదిసార్లు చూసినా అక్కడే ఉంటుంది. గ్రెయిన్ మారాలంటే ఫ్రేము మారాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో గ్రెయిన్ ఒక్కోలా పడుతుంది, కన్ను వాటిని కలిపేసుకుంటుంది, అందుకే తెర మీద నున్నగా కనిపించిన బొమ్మని ఒక్క ఫ్రేము దగ్గర ఆపి చూస్తే గరుగ్గా ఉంటుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మా అమ్మమ్మ ముక్కుపుడక తేలింది దీనివల్లే.

షార్పెనింగ్ గురించి రెండు మాటలు. స్కానర్లో ఆటోమేటిగ్గా వేసి ఉంటుంది, మొట్టమొదట అది తీసేయాలి. షార్పెనింగ్ చేసే పని పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా పెంచడం. ఆ తేడాల్లో అన్నింటికంటే ఎక్కువ ఉన్నది గ్రెయినే. ముందు షార్పెన్ చేసి, పెరిగిన గ్రెయిన్ చూసి భయపడి నాయిస్ రిడక్షన్ వేసి, మొహం మెత్తబడిందని మళ్లీ షార్పెన్ చేసిన ఫైళ్లు నేను చాలా చూశాను, వాటిలో ఇక మిగిలేది ఏమీ ఉండదు. షార్పెనింగ్ చేసుకోవాలంటే చివర్లో, ప్రింటు సైజుకి కుదించాక, కొంచెం చేసుకోండి. ఇక 16 బిట్ గ్రేస్కేల్లో టిఫ్ ఫైలుగా దాచుకోండి. జేపెగ్ గ్రెయిన్‌ని సరిగా పట్టుకోలేదు, కుదించే కొద్దీ రేణువుల స్థానంలో గళ్లు గళ్లు వస్తాయి.

గ్రెయిన్ వల్ల మేలు కూడా ఉంది, రెండు విషయాల్లో నేను దాని మీదే ఆధారపడతాను. ఒకటి ఫోకస్. బొమ్మ పాతకాలపు కెమెరాది, అది మసకగా ఉన్నా గ్రెయిన్ ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. స్కాన్‌లో నాలుగు మూలలా గ్రెయిన్ స్పష్టంగా కనిపిస్తే మీ ఫోకస్ బాగుంది, ఒక మూల మసకబారితే అక్కడ ఫిల్మ్ ఒంపు తిరిగి ఉంది. డార్క్‌రూంలో పెద్దలు గ్రెయిన్ ఫోకసర్ అనే భూతద్దం పెట్టుకుని చూసింది ఇందుకే. రెండోది, ఆకాశం లాంటి చోట్ల రంగు మెట్లు మెట్లుగా విరిగిపోకుండా కాపాడేది కూడా ఆ గ్రెయినే, పూర్తిగా తుడిచేసిన స్కాన్లలో ఆ పట్టీలు కనిపిస్తాయి చూడండి.

ఇక మా నెగటివ్. చివరికి నేను స్కానర్ పక్కన పెట్టి, ఒక ఫ్రెండ్ దగ్గర 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ కెమెరా, మ్యాక్రో లెన్స్ అడిగి తెచ్చుకున్నాను. కింద ఎల్‌ఈడీ ప్యానెల్, దాని మీద నాలుగు వేళ్ల ఎత్తున పాలరంగు యాక్రిలిక్ ముక్క, ఆ పైన నెగటివ్, కాంతి పక్కల నుంచి రాకుండా నల్ల కాగితం. ఒకటికి ఒకటి సైజులో తీస్తే ఒక్కో పిక్సెల్ ఫిల్మ్ మీద సరిగ్గా 6 మైక్రాన్లు. గ్రూప్ ఫొటో వెడల్పు నాలుగు మీటర్ల దాకా ఉంటుంది, అది ఫిల్మ్ మీద 36 మిల్లీమీటర్లు, అంటే 110 రెట్లు చిన్నదైంది. మూడు మిల్లీమీటర్ల రాయి ఫిల్మ్ మీద 27 మైక్రాన్లు, నాలుగున్నర పిక్సెళ్లు. కనిపించడానికి అవకాశం ఉంది, అంతవరకే చెప్పగలం. 1200 డీపీఐ స్కాన్‌లో అయితే ఒకటిన్నర పిక్సెల్ కూడా లేదు, అక్కడ వెతకడం దండగ.

ఫైలు తెరిస్తే అమ్మమ్మ ముక్కు పక్కన ఒక తెల్లటి చుక్క ఉంది. గుండె ఝల్లుమంది గానీ నమ్మలేదు. ఎందుకంటే పాజిటివ్‌గా తిప్పాక దుమ్ము కూడా తెల్లగానే కనిపిస్తుంది, నెగటివ్ మీద అది వెలుతురును ఆపుతుంది కాబట్టి. వెండి రేణువులు గుంపుగా పడ్డ చోటు కూడా తెల్లగానే ఉంటుంది. మెరిసే రాయి కూడా తెల్లగానే ఉంటుంది. ముగ్గురు అనుమానితులు, ముగ్గురిదీ ఒకే రంగు చొక్కా. బ్లోయర్‌తో ఊది, మెత్తటి బ్రష్‌తో తుడిచి మళ్లీ తీశాను. చుక్క అక్కడే ఉంది. దుమ్ము కాదు, లేదా జెలటిన్‌లో అతుక్కుపోయిన దుమ్ము.

అప్పుడు గుర్తొచ్చింది ఆ స్ట్రిప్‌లో పక్క ఫ్రేము. ఎవరో కళ్లు మూశారని కాబోలు, ఫొటోగ్రాఫర్ అదే గ్రూపుని వెంటనే ఇంకోసారి తీశాడు. ఆ ఫ్రేములో అమ్మమ్మ తల కొంచెం పక్కకి తిప్పి ఎవరినో పిలుస్తోంది. గ్రెయిన్ అయితే రెండో ఫ్రేములో అదే చోట మళ్లీ పడాల్సిన పని లేదు, దుమ్మైతే అసలే లేదు. రెండో ఫ్రేము కూడా అలాగే తీసి జూమ్ చేశాను. చుక్క ఉంది. తలతో పాటు జరిగి, ముక్కు మీద అదే చోట ఉంది. రెండు మొహాలనూ ఒకదాని మీద ఒకటి సరిపెట్టి సగటు తీస్తే చుట్టూ ఉన్న గ్రెయిన్ కాస్త వెనక్కి తగ్గింది, చుక్క తగ్గలేదు. ఫిల్మ్ అంచు మీది అక్షరాలు సరిగ్గా చదవడానికి వచ్చేట్టు ఉన్నాయో లేదో చూసుకున్నాను, లేకపోతే ఎడమ కుడి తారుమారవుతుంది. సరిగ్గానే ఉన్నాయి.

ఆ బొమ్మని ఎనిమిది బై పదిలో ప్రింటు వేయించి, గ్రెయిన్ ఏమీ తీయకుండా, అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. పెద్దమ్మ చెప్పింది నిజమేనన్న మాట అనలేదు. "ఎడం పక్కనే పెట్టుకునేది" అంది.